సలుపా, పోటా, మంటా? నోటి, గొంతు క్యాన్సర్ నొప్పి మీద మీ ప్రశ్నలు

పోయిన నెల మానని నోటిపుండు గురించి నాలుగు ముక్కలు రాస్తే, వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం పుండు గురించి కాదు, నొప్పి గురించి. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశాను. నోరు, నాలుక, దవడ, గొంతు... క్యాన్సర్ రాకూడని చోట్లంటూ ఉంటే ఇవే, ఎందుకంటే అరచేయంత జాగాలో నరాలన్నీ చిక్కుపడ్డ దారాల్లా అల్లుకుని ఉంటాయి, పైగా ఆ జాగాకి సెలవు దొరకదు. కాలు విరిగితే కదపకుండా పడుకోవచ్చు, గుటక వేయకుండా ఎంతసేపుంటారు? ఉత్తరాలు కొన్ని కుదించాను. పేర్లు, ఊళ్లు తీసేసి జిల్లాలు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మా అమ్మకి 61 ఏళ్లు. పెళ్లికి ముందు నుంచీ అడ్డపొగ, అంటే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని, తాగేది. ఏడాది కిందట అంగిట్లో పుండు లేస్తే క్యాన్సర్ అన్నారు, కరెంటు (రేడియేషన్) పెట్టారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగింది. ఇప్పుడు మార్ఫిన్ మాత్ర 10 మిల్లీగ్రాములది నాలుగు గంటలకొకటి వేయమని రాశారు. మా పెదనాన్న చూసి ‘అది నల్లమందు, అలవాటైతే మనిషి మనిషిలా ఉండదు, చివర్లో ఇచ్చే మందు’ అన్నారు. భయమేసి బీరువాలో పెట్టి తాళం వేశాను. మరీ ఓర్చుకోలేనప్పుడే ఒకటి ఇస్తున్నాను, రోజుకి ఒకటి, లేదంటే రెండు. అయినా అర్ధరాత్రి లేచి గోడకి తల ఆనించి కూర్చుంటోంది. నేను చేస్తున్నది తప్పా? – ఒక కూతురు, విజయనగరం జిల్లా

జవాబు: తప్పేనమ్మా. కానీ ఈ తప్పు మీ ఒక్కరిదీ కాదు, నేను చూసే పది ఇళ్లలో ఏడెనిమిది ఇళ్లలో ఆ డబ్బా బీరువాలోనో దేవుడి గూట్లోనో ఉంటుంది.

ముందు లెక్క చూడండి. ఈ మామూలు మార్ఫిన్ మాత్ర నోట్లో వేసుకున్నాక పనిచేయడం మొదలుపెట్టడానికి అరగంట, కొందరికి ముప్పావు గంట పడుతుంది, పనిచేసేది నాలుగు గంటలు. అమ్మ గోడకి తల ఆనించేదాకా ఆగి, బీరువా తీసి, మాత్ర ఇచ్చి, అది ఎక్కేలోపల ఆవిడ గంటసేపు నరకం చూసేసింది. తర్వాత మూడు గంటలు కాస్త కునుకు, మళ్లీ మొదలు. అంటే మీరు మందు ఇస్తున్నారు, నొప్పీ ఉంటోంది, రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. అదే ఉదయం ఆరుకి, పదికి, మధ్యాహ్నం రెండుకి, సాయంత్రం ఆరుకి, రాత్రి పదికి అని గడియారం చూసి ఇచ్చారనుకోండి, మొదటి మాత్ర దిగేలోపే రెండోది అందుకుంటుంది, నొప్పికి తలెత్తే సందు దొరకదు. రాత్రి పది గంటలది రెండు మాత్రలుగా రాస్తాం మామూలుగా, తెల్లవారుజామున రెండింటికి లేపే పని లేకుండా. మీ చీటీలో అలా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అడగండి. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదే డోసు ఇంకొకటి అదనంగా ఇవ్వొచ్చు, దాన్ని ఒక కాగితం మీద టైముతో రాసిపెట్టండి. రోజుకి మూడు నాలుగుసార్లు అదనపు మాత్ర పడుతోందంటే అసలు డోసు చాలడం లేదని అర్థం, ఆ కాగితం డాక్టరు చేతిలో పెడితే ఆయన పెంచుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986 నుంచీ చెబుతున్నది ఇదే, నోటి ద్వారా, గడియారం ప్రకారం, మనిషిని బట్టి.

ఇక మీ పెదనాన్న గారి మాట. నల్లమందు నుంచి తీసేదే మార్ఫిన్, అందులో ఆయన తప్పు చెప్పలేదు. గాజీపూర్‌లో, నీమచ్‌లో ఆ నల్లమందు శుద్ధి చేసేది మన ప్రభుత్వ ఫ్యాక్టరీలే. కానీ నొప్పి ఉన్న మనిషికి సరైన డోసులో ఇచ్చిన మార్ఫిన్ నొప్పి మీద పనిచేస్తుంది, మత్తు కోసం వెతుక్కునే వాడిలా మనిషిని మార్చేయడం చాలా అరుదు. ఒంటికి అలవాటు పడటం వేరు, వ్యసనం వేరు. ఒంటికి అలవాటవుతుంది కాబట్టి ఒక్కసారిగా ఆపకూడదు, నొప్పి తగ్గితే మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, అంతే. చివరి మందు అన్నది కూడా సగమే నిజం: కరెంటు పెట్టించుకుంటూ నోరు పూసిన కుర్రాళ్లకి నెలన్నర మార్ఫిన్ ఇచ్చి, పుండ్లు మానాక ఆపేసి ఉద్యోగాలకి పంపిన సందర్భాలు నాకు లెక్కలేనన్ని. నొప్పి ఎంత ఉందన్నదే చూస్తాం, రోజులు ఎన్ని మిగిలాయన్నది కాదు.

మొదటి రెండు మూడు రోజులు అమ్మ ఎక్కువగా నిద్రపోతుంది. భయపడకండి, అందులో సగం నెలల తరబడి బాకీ పడ్డ నిద్ర. వికారం ఉంటే వారం పాటు దానికి వేరే మాత్ర ఇస్తారు, తగ్గిపోతుంది. తగ్గనిది ఒక్కటే, మలబద్ధకం. మార్ఫిన్ వేసినంత కాలం అది ఉంటుంది, కాబట్టి మొదటి రోజు నుంచే రాత్రిపూట విరేచనం మాత్ర, బిసాకోడిల్ లాంటిది, చీటీలో ఉండాలి. చాలామంది మార్ఫిన్ మానేసేది నొప్పి తగ్గక కాదు, ఐదు రోజులు దొడ్డికి రాక. ఇసబ్‌గోల్ మాత్రం పెట్టకండి, సరిగ్గా నీళ్లు తాగలేని మనిషికి అది లోపల ఇంకా గట్టిపడుతుంది. పిలిస్తే లేవనంత మత్తుగా ఉన్నా, ఊపిరి నిమిషానికి పదికంటే తక్కువసార్లు తీస్తున్నా, మూత్రం బాగా తగ్గిపోయినా తర్వాతి డోసు ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. కిడ్నీ మందగిస్తే మార్ఫిన్ ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

అన్నట్టు తాళం ఉంచండి. పిల్లలకి అందకుండా, బయటివాళ్లు ఎత్తుకుపోకుండా. తాళంచెవి మాత్రం గడియారం పక్కన పెట్టుకోండి. ఇంకో మాట, ఆ ఇంట్లో చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగే ఆడవాళ్లు ఇంకెవరైనా ఉంటే టార్చిలైటు వేసి అంగిలి చూడమనండి. అడ్డపొగకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం గురించి విశాఖ డాక్టర్లు 1950లలోనే రాశారు, మన పల్లెల్లో మాత్రం ఆ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు.

ప్రశ్న: మా బాపుకు నాలుక పక్కన క్యాన్సర్. నాలుక నొప్పి కంటే చెవినొప్పి ఎక్కువుంది అంటడు. చెవిలో చూపిస్తే ఏమీ లేదన్నారు, చుక్కల మందు రాశారు, తగ్గలేదు. డైక్లోఫెనాక్ వేస్తే గంట సేపు ఆగుతుంది. ఒక్కోసారి దవడ మీద చెయ్యి తగిలితేనే ఉలిక్కిపడతాడు. – కరీంనగర్ జిల్లా

జవాబు: చెవిలో నిజంగానే ఏమీ లేదు, బాపు కూడా అబద్ధం చెప్పట్లేదు. నాలుకకీ, కింది దవడకీ, చెవి ముందు భాగానికీ కబురు మోసే నరం ఒకటే, ట్రైజెమినల్ నరంలో ఒక కొమ్మ. గొంతు లోపలి భాగానిదీ, నాలుక మొదలుదీ ఇంకో నరం, దాని కొమ్మ కూడా చెవిలోకే పోతుంది. కబురు ఎక్కడి నుంచి బయల్దేరిందో మెదడుకి సరిగ్గా తెలియదు, చెవి ఖాతాలో రాసేస్తుంది. (ఇది చదువుతున్న మిగతావాళ్లు కూడా గుర్తుపెట్టుకోండి: పొగాకు అలవాటున్న పెద్దవాళ్లకి ఒక్క వైపే చెవినొప్పి వచ్చి, చెవి బాగానే ఉందంటే, తర్వాత చూడాల్సింది నోరు, గొంతు. చుక్కలు వేసుకుంటూ మూడు నెలలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.)

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన సంగతి. నొప్పికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి: సలుపు, పోటు, తీపు, మంట, గుంజుడు, పొడుపు, తిమ్మిరి. ఓపీలో కూర్చున్న నేను ‘ఎలా ఉంది’ అంటే ‘నొప్పి సార్’ అంటారు, అక్కడితో ఆగిపోతారు. ఏ నొప్పి? సలుపుతోందా, పోటు పెడుతోందా? అయితే అది కణితి వాపు, ఎముక, చీము లాంటి వాటిది, పారాసెటమాల్, మార్ఫిన్ మాట బాగా వింటుంది. మంటగా ఉందా, కరెంటు కొట్టినట్టుందా, చీమలు పాకినట్టుందా, బట్ట తగిలినా, గాలి తగిలినా ఓర్చుకోలేరా? అయితే అది నరం నొప్పి. దానికి మార్ఫిన్ ఒక్కటీ సరిపోదు, గబాపెంటిన్ గానీ ప్రీగాబాలిన్ గానీ, లేదంటే రాత్రిపూట చిన్న డోసులో అమిట్రిప్టిలిన్ గానీ జత చేయాలి. అవి మూర్ఛ మందు, డిప్రెషన్ మందు అని మెడికల్ షాపు అబ్బాయి చెబితే కంగారుపడకండి, అవే మందులు నరాల నొప్పికీ వాడతాం. పనిచేయడానికి వారం పది రోజులు పట్టొచ్చు, రెండో రోజే తగ్గలేదని ఆపేయొద్దు. అమిట్రిప్టిలిన్‌తో నోరు ఎండుతుంది, కరెంటు పెట్టించుకుని ఇప్పటికే నోరు ఎండిపోయినవాళ్లకి నేను సాధారణంగా రాయను.

మీ బాపుది దవడ మీద చెయ్యి తగిలితే ఉలిక్కిపడే నొప్పి అంటున్నారు కాబట్టి నరం వ్యవహారం ఉన్నట్టే. ఈ మాటలన్నీ డాక్టరుకి ఇలాగే చెప్పండి. డైక్లోఫెనాక్ మాత్రం మీ అంతట మీరు వేయకండి. సిస్‌ప్లాటిన్ లాంటి కీమో నడుస్తుంటే రెండూ కలిసి కిడ్నీని కొడతాయి. పుండులోంచి రక్తం వచ్చే వాళ్లకైతే ఇంకా ప్రమాదం.

ప్రశ్న: నాకు 34. గుట్కా వల్ల బుగ్గ క్యాన్సర్. ఆపరేషన్ అయింది, ఇప్పుడు రేడియేషన్ 30కి గాను 17 అయ్యాయి. నోరంతా పూసింది, నీళ్లు తాగినా కారం పోసినట్టుంది. ఇక నా వల్ల కాదు, మానేస్తానంటే ఇంట్లో ఏడుస్తున్నారు. – గుంటూరు జిల్లా

జవాబు: తమ్ముడూ, మానొద్దు. ఇది బెదిరింపు కాదు. రేడియేషన్‌లో మధ్యలో ఖాళీ వస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు ఆ ఖాళీలో వేగం పుంజుకుంటాయి, ఇంతవరకూ పడ్డ బాధకి ఫలితం తగ్గిపోతుంది. ఆపాల్సింది నొప్పిని, రేడియేషన్‌ని కాదు.

రెండో వారం చివర్లోనో మూడో వారంలోనో నోరు పూయడం దాదాపు అందరికీ జరిగేదే, చివరి వారం దాకా ముదురుతుంది, అయిపోయాక కూడా ఒకటి రెండు వారాలు అలాగే ఉండి తర్వాత మెల్లగా మానుతుంది. ముందే చెబుతున్నాను, ఎందుకంటే రేడియేషన్ అయిపోయిన మర్నాడే తగ్గలేదని కుంగిపోయేవాళ్లని చూశాను.

గోరువెచ్చటి నీళ్లు ఒక గ్లాసు, పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా. రెండు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మేయి, మెలకువ వస్తే రాత్రి కూడా. షాపుల్లో దొరికే ఘాటు మౌత్‌వాష్‌లు వద్దు, వాటిలో స్పిరిట్ ఉంటుంది. బెంజైడమైన్ అనే పుక్కిలింత మందు రాసి ఉంటారు, మండితే సగం నీళ్లు కలుపుకో. తినడానికి పది పదిహేను నిమిషాల ముందు లిగ్నోకైన్ జెల్లీ లాంటి ద్రవం నోట్లో పట్టి ఉమ్మేస్తే కాసేపు మొద్దుబారుతుంది, కానీ గొంతు కూడా మొద్దుబారితే ముద్ద అడ్డదారి పట్టొచ్చు, నిటారుగా కూర్చుని మెల్లగా మింగు. నోట్లో పెరుగు మీగడలా తెల్లటి పాచి కడితే అది ఫంగస్, దానికి వేరే మందుంది, చూపించు. ఇవన్నీ చేశాక కూడా గుటక పడట్లేదంటే, మొహమాటం లేకుండా అడుగు: ‘నాకు మార్ఫిన్ ఇవ్వండి’. ఇది మార్ఫిన్ పనిచేసే నొప్పి, నీ వయసులో నెలా రెండు నెలలు వాడి ఆపేస్తాం.

తిండి సంగతి. జావ, పలచటి పెసరకట్టు, చల్లటి మజ్జిగ, గుడ్డు కలిపిన పాలు, అరటిపండు మెదిపి. బరువు వారం వారం చూసుకో. బాగా పడిపోతుంటే ముక్కులో గొట్టం పెడతామంటారు, ఒప్పుకో. గొట్టం అంటే అయిపోయినట్టు కాదు, నోటికి నెల రోజులు సెలవు ఇచ్చినట్టు.

ప్రశ్న: డాక్టరు మార్ఫిన్ రాశారు. మా టౌన్లో ఏడు మెడికల్ షాపులు తిరిగాం. ఒకాయన మమ్మల్ని దొంగల్లా చూశాడు. ఎక్కడ దొరుకుతుంది? – కర్నూలు జిల్లా

జవాబు: మామూలు షాపులో దొరకదు, తిరగొద్దు. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) పుణ్యమా అని మన దేశంలో రోగులకి అందే మార్ఫిన్ ఘోరంగా పడిపోయింది, ఒక ఆస్పత్రి మార్ఫిన్ తెప్పించాలంటే నాలుగైదు లైసెన్సులు పట్టే రోజులు చూశాం. 2014లో చట్టం మార్చారు. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ లాంటి నొప్పి మందులని అత్యావశ్యక మాదక ఔషధాలని పేరు పెట్టి, గుర్తింపు పొందిన వైద్యసంస్థ ఏదైనా ఒకే అనుమతితో నిల్వ పెట్టుకుని రోగులకి ఇవ్వొచ్చన్నారు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ‘ఏ షాపులో దొరుకుతుంది’ కాదు, ‘మాకు దగ్గరలో మార్ఫిన్ ఇచ్చే గుర్తింపున్న ఆస్పత్రి ఏది’. మీ క్యాన్సర్ డాక్టరునే అడగండి, రాసి ఊరుకోవడం కాదు, ఎక్కడ ఇస్తారో చెప్పే బాధ్యత కూడా ఆయనదే. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి నివారణకి ప్రత్యేక విభాగం ఏళ్లుగా నడుస్తోంది. విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) కేంద్రాలు ఉన్నాయి. రోగి కదల్లేకపోతే ఇంట్లోవాళ్లు ఫైలు, రోగి ఆధార్, పాత చీటీ పట్టుకుని వెళ్లినా ఇచ్చే చోట్లు ఉన్నాయి. ఫోన్ చేసి అడిగి బయల్దేరండి. మాత్రలు పూర్తిగా అయిపోయేదాకా ఆగకండి, ఐదు రోజుల మందు ఉండగానే బండెక్కాలి.

ప్రశ్న: ముక్కు గొట్టంలోంచి మాత్రలు పొడి చేసి వేయొచ్చా? – ఖమ్మం జిల్లా

జవాబు: నాలుగు గంటల మామూలు మార్ఫిన్ మాత్ర మెత్తగా నూరి నీళ్లలో కలిపి వేయొచ్చు, తర్వాత గొట్టాన్ని నీళ్లతో కడగాలి. పన్నెండు గంటలకొకటి వేసే ఎస్ఆర్ మాత్రని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నూరకండి, పన్నెండు గంటల మందు ఒకేసారి ఒంట్లోకి దిగిపోతుంది. అట్ట మీద ఎస్ఆర్ అని ఉందేమో ఇప్పుడే లేచి చూడండి. గొట్టం ఉన్నవాళ్లకి ఫెంటానిల్ పట్టీ ఇంకో దారి, ఛాతీ మీదో భుజం మీదో అంటించి మూడు రోజులకోసారి మారుస్తారు. అది ఎక్కడానికి పన్నెండు గంటలకు పైగా పడుతుంది కాబట్టి మొదటి రోజు పాత మాత్రలు ఏ లెక్కన కొనసాగించాలో అడిగి తెలుసుకోండి. పట్టీ మీద వేడినీళ్ల బ్యాగు పెట్టొద్దు, జ్వరం వస్తే చెప్పండి, వేడికి మందు ఎక్కువ దిగుతుంది. మార్ఫిన్ ఎప్పుడూ వాడని మనిషికి నేరుగా పట్టీ వేయకూడదు, ‘మా బావగారికి మిగిలింది’ అని తెచ్చి అంటించకండి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. నాన్న రాజమండ్రిలో, గొంతు క్యాన్సర్. వీడియో కాల్‌లో బాగానే ఉన్నానంటారు, అమ్మని అడిగితే రాత్రంతా నిద్ర లేదంటుంది. ఇక్కడ నుంచి మంచి పెయిన్ కిల్లర్స్ గానీ గంజాయి నూనె గానీ పంపొచ్చా?

జవాబు: వద్దు బాబూ. పార్సిల్ కస్టమ్స్‌లో దొరికితే కేసు మీ అమ్మగారి మీదకి వస్తుంది, ఎన్‌డీపీఎస్ కేసు అంటే ఆషామాషీ కాదు. పైగా అక్కడ దొరికేదానికి ఏమాత్రం తీసిపోని, ఎన్నో ఏళ్లుగా తెలిసిన, చాలా చవకైన మార్ఫిన్ ఇక్కడే ఉంది.

మీరు చేయగలిగింది వేరే ఉంది. ఫోన్‌లో ‘ఎలా ఉన్నారు నాన్నా’ అని అడగకండి, ఆ ప్రశ్నకి మన నాన్నలకి ఒకటే జవాబు తెలుసు. ‘రాత్రి ఎన్నిసార్లు లేచారు? పది గంటల మాత్ర వేసుకున్నారా? ఇవాళ ఎన్ని గ్లాసులు తాగారు? సున్నా నుంచి పదిలో ఇప్పుడు ఎంత?’ ఇలా అడగండి. అమ్మ రాసిన టైముల కాగితం ఫొటో తీసి పంపమనండి. డాక్టరుతో అపాయింట్‌మెంట్ రోజు మీరు ఫోన్‌లో ఉండండి, ఎందుకంటే ఆ గదిలోకి వెళ్లగానే నాన్నకి నొప్పి మాయమైపోతుంది, అది కూడా నేను రోజూ చూసేదే.

ప్రశ్న: మా ఆయనకి రోజుకి మార్ఫిన్ 60 నుంచి 180 దాకా వచ్చింది. ఇంకెంత పెంచుతారు? ఒక దశలో పనిచేయడం మానేస్తుందా? – నెల్లూరు జిల్లా

జవాబు: ట్రమడాల్ అనే నొప్పి మందుకి రోజుకి 400 మిల్లీగ్రాములు దాటకూడదన్న గీత ఉంది, మార్ఫిన్‌కి అలాంటి గీత లేదు. నొప్పి తగ్గుతూ, మనిషి మెలకువగా ఉంటూ, ఊపిరి బాగుంటే 180 అన్న అంకె చూసి భయపడక్కర్లేదు. డోసు పెరిగిందంటే ఎక్కువసార్లు కారణం కణితి పెరగడమే. కాకపోతే పెంచుతున్నా తగ్గట్లేదంటే పెంచడం ఆపి, ఎందుకు తగ్గట్లేదని వెతకాలి. నరం నొప్పి కలిసి ఉందా? చీము పట్టిందా? చీము పడితే యాంటీబయాటిక్ నాలుగు రోజులు వేస్తే మార్ఫిన్ చేయలేని పని అది చేస్తుంది. వాపు నరాన్ని నొక్కుతుంటే డెక్సామెథసోన్ కొన్నాళ్లు. ఇదివరకు రేడియేషన్ ఇవ్వనివాళ్లకి, లేదా ఇచ్చి చాలాకాలం అయినవాళ్లకి, జబ్బు నయం చేయడానికి కాకుండా నొప్పి, రక్తం తగ్గించడానికే కొద్ది రోజుల చిన్న రేడియేషన్ ఇస్తారు, మూడు నాలుగు సిట్టింగులతో అయిపోయే పద్ధతులున్నాయి. మార్ఫిన్ నుంచి మెథడోన్‌కి మార్చడం ఒక దారి, అది అనుభవం ఉన్న చేయి చేయాల్సిన పని. దవడ నరానికో గొంతు నరానికో సూది ద్వారా మందు వేసి మొద్దుబార్చే నర్వ్ బ్లాక్ ఇంకో దారి, పెయిన్ క్లినిక్‌లో చేస్తారు, మొహం ఒకవైపు తిమ్మిరిగా ఉంటుంది కానీ చాలామంది ఆ తిమ్మిరికి సంతోషంగా ఒప్పుకుంటారు.

ఇవన్నీ అయ్యాక కూడా మిగిలే నొప్పి ఒకటుంటుంది. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయంకాని జబ్బులవాళ్లని చూసుకునే ఆస్పత్రి) పెట్టిన సిసిలీ సాండర్స్ దానికి ‘మొత్తం నొప్పి’ అని పేరు పెట్టింది: ఒంటి నొప్పికి భయం, అప్పు, సిగ్గు, ఒంటరితనం తోడైతే వచ్చేది. మీ ఉత్తరం చివర్లో ఒక వాక్యం రాశారు, నేను పైన వేయలేదు, ఆయన మూడు నెలలుగా అద్దం చూసుకోవడం లేదని. దానికి నా దగ్గర మాత్ర లేదు. కానీ డాక్టరుకి అది కూడా చెప్పండి, డోసు గురించి చెప్పినంత గట్టిగా.

ప్రశ్న: బుగ్గ మీద పుండు బయటికి తెరుచుకుంది. వాసన. డ్రెస్సింగ్ చేసేటప్పుడు అరుస్తారు, పిల్లలు ఆ గదిలోకి రావడం లేదు. – అనంతపురం జిల్లా

జవాబు: డ్రెస్సింగ్‌కి ముప్పావు గంట ముందు ఒక అదనపు మార్ఫిన్ డోసు, డాక్టరుతో చెప్పి. ఎండిన కట్టుగుడ్డ లాగకండి, మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్లు పోసి నానబెట్టి పది నిమిషాలు ఆగితే దానంతట అదే వదులుతుంది. వాసనకి మెట్రోనిడజోల్ మాత్ర నూరి ఆ పొడి పుండు మీద చల్లితే మూడు నాలుగు రోజుల్లో తేడా తెలుస్తుంది, పిల్లలు మళ్లీ గదిలోకి వస్తారు. పురుగులు కనిపిస్తే సిగ్గుపడకండి, ఈగల కాలంలో ఎంత శుభ్రంగా చూసుకునే ఇంట్లోనైనా జరుగుతుంది, ఆస్పత్రిలో టర్పెంటైన్ నూనె పెట్టి తీసేస్తారు. పగలు కూడా దోమతెర కట్టండి. మెడ వైపు పుండు ఉంటే ముదురు రంగు తువాళ్లు రెండు దగ్గర పెట్టుకోండి. రక్తం వస్తే గట్టిగా అదిమి పట్టడానికి పనికొస్తాయి, తెల్లగుడ్డ మీద రక్తం చూస్తే రోగికీ మీకూ చేతులు ఆడవు.

ప్రశ్న: గొంతుకి రంధ్రం పెట్టారు, మామయ్య మాట్లాడలేరు. నొప్పి ఎంతుందో మాకెలా తెలుస్తుంది? – హైదరాబాద్

జవాబు: పలక. పిల్లల పలక, బలపం, మంచం పక్కన. చదువు రానివాళ్లయితే వేళ్లు, పది వేళ్లు చూపిస్తే పది. లేదంటే నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా ఐదారు బొమ్మలు గీసి వేలు పెట్టమనండి. ఏదీ కుదరకపోతే చూడండి: నుదురు ముడిపడుతోందా, దుప్పటి పిడికిలితో పట్టుకుంటున్నారా, ఒక పక్కకే ఒరుగుతున్నారా.

ఒకాయన గుర్తొస్తున్నారు. పాతికేళ్లు బస్సు నడిపిన మనిషి, దవడ సగం తీసేశారు, గొంతులో గొట్టం. రోజూ వెళ్లి డోసు పెంచుతున్నాను, రోజూ మొహం చిట్లిస్తున్నారు. నాలుగో రోజు వాళ్లావిడ నోట్‌బుక్, పెన్ను తెచ్చి చేతిలో పెడితే వంకర అక్షరాలతో రాశారు: ‘ఫ్యాను’. మంచం నేరుగా ఫ్యాను కింద ఉంది, తెరిచి ఉన్న ఆ చెంప మీద గాలి తగిలినప్పుడల్లా మంట. మంచం జరిపాం. రెండు రోజులకి పెంచిన డోసు వెనక్కి తగ్గించాను.

ప్రశ్న: నాన్న మార్ఫిన్‌లో ఉన్నారు, నోట్లో పుండు. కొత్తావకాయ కావాలని గొడవ. పెట్టొచ్చా? – తూర్పు గోదావరి జిల్లా

జవాబు: మార్ఫిన్‌కీ ఆవకాయకీ తగాదా లేదు, తగాదా పుండుకీ కారానికీ. పది గంటల మాత్ర వేసిన గంటకి, మాత్ర బాగా పట్టినప్పుడు, ఒక ముక్క తీసి నీళ్లలో రెండుసార్లు కడిగి, చిదిమి, మెత్తగా పిసికిన పెరుగన్నంలో కలిపి చెంచాడు పెట్టండి. మింగలేకపోతే నాలుక మీద కాసేపు ఉంచుకుని ఉమ్మేయమనండి. జాడీ మూత మాత్రం ఆయన ముందే తీయండి, ఆ వాసన కోసమే సగం గొడవ అయి ఉంటుంది.